చదువరి జమాఖర్చు



వర్తకుడు సంవత్సరాంతమున చిట్టా ఆవర్జాలు సరిచూచుకొనును. రైతు కళ్లము ఊడ్చిన దినమున ఎన్ని బస్తాలు ఇల్లు చేరినవో, ఎన్ని కౌలుకును కూలికిని పోయినవో వ్రేళ్లపై లెక్కించుకొనును. గ్రంథాలయము సయితము ఏటేట నివేదిక చదివి, ఇన్ని పుస్తకములు క్రొత్తగా చేరినవి, ఇన్ని పుస్తకములు ఇండ్లకు పోయి వచ్చినవి, ఇన్ని పోయినవి తిరిగి రాలేదు అని చందాదారులకు చెప్పుకొనును. చదువరి మాత్రము సామాన్యముగా ఏ లెక్కయు వ్రాసికొనడు. పుస్తకము తెచ్చును, చదువును, గడువు దాటినచో అపరాధ రుసుము చెల్లించి తిరిగి యిచ్చును. మూడేండ్లు గడచిన పిదప ఆ పుస్తకమునే మరల ఇంటికి గొనిపోయి, నలువది పుటలు చదివిన తరువాత, ఇది ఎప్పుడో చదివినదే గదా యని నాలుక కరచుకొనుటయు కలదు.

ఇటీవలి సంవత్సరములలో పట్టణములందలి చదువరులలో ఒక ఆచారము వ్యాపించినది. జనవరి మొదటి తేదీన ఈ యేడు 50 పుస్తకములు చదువుదునని యొకరు, 100 చదువుదునని మరియొకరు సంకల్పము చెప్పుకొని, ఒక్కొక్క పుస్తకము ముగిసినప్పుడెల్ల సెల్‌ఫోనులో గురుతు పెట్టుకొనుచు, డిసెంబరు చివరకు లెక్క చూచుకొందురు. దీనిని పరిహసించుట సులభము. లెక్క నిండుటకై పలుచని పుస్తకములనే ఏరుకొనువారున్నారు, పుటలు త్రిప్పివేయువారున్నారు, లావుపాటి గ్రంథమును చూచి భయపడువారున్నారు. కాని యీ ఆచారము సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. చదివిన చదువునకు పద్దు వ్రాసికొనుట చాల పాతది. ఆ పద్దులు వ్రాసినవారిలో ముగ్గురిని గూర్చి కొంచెము విపులముగా తెలిసికొన్నయెడల, లెక్క వలన కలుగు లాభమెంతయో, లెక్కకు అందనిది ఏదియో తేటపడును.

1835వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన కలకత్తానుండి ఒక ఆంగ్లేయుడు స్వదేశమందలి మిత్రునకు ఉత్తరము వ్రాసెను. అతడు థామస్ బాబింగ్టన్ మెకాలే. గవర్నరు జనరలు ఆలోచనసభలో న్యాయవిషయముల సభ్యుడు. సంవత్సరము ముగియుచున్నది గనుక తన చదువు లెక్కను కూడి చూచుకొంటినని చెప్పి, గడచిన 13 నెలలలో చదివిన గ్రంథకర్తల పేర్లను అతడు వరుసగా ఏకరువు పెట్టెను. ఈస్కిలస్ రెండుమార్లు, సోఫోక్లీస్ రెండుమార్లు, యూరిపిడీస్ ఒకమారు, పిండార్ రెండుమార్లు; హెరొడోటస్, థుసిడిడీస్; ప్లేటో దాదాపు సమస్తము; ప్లూటార్కు రచించిన మహాపురుషుల చరిత్రలన్నియు; లాటినుభాషలో ప్లాటస్, టెరెన్స్, లుక్రీషియస్ రెండేసిమార్లు; లివీ, సాలస్ట్, సీజరు; సిసిరో కొంచెము మిగిలియున్నాడు గాని కొలది దినములలో ముగియునట. పండ్రెండు నెలలకు బదులు పదమూడు నెలల లెక్క ఏల యనగా, 1834 నవంబరు చివర ఇల్లు కుదిరి పుస్తకముల పెట్టెలు విప్పుట జరిగినది. పద్దు అనిన అంత నిక్కచ్చిగా ఉండవలెనని అతని అభిప్రాయము కాబోలు.

ఈ చదువంతయు కచేరీపని మానుకొని చేసినది కాదు. వేకువ అయిదుగంటలు మొదలు తొమ్మిదిగంటలవరకు గల కాలమును అతడు ప్రాచీన గ్రంథములకు కేటాయించుకొనెను. దాని వెనుక ఒక దుఃఖము కూడ కలదు. 1835 ఆరంభమున, ఇంగ్లండులో తన ముద్దుల చెల్లెలు మార్గరెట్ మరణించినదన్న వార్త ఓడమీద కలకత్తా చేరెను. చేతిలో పుస్తకము లేక నిమిషమైనను ఒంటరిగా ఉండజాలకుంటినని, తన ప్రాణమును మతిని కాపాడినది సాహిత్యమేనని అతడు అప్పుడు మిత్రునకు వ్రాసెను. ఆ పదమూడు నెలల పట్టికను ఈ సంగతి తెలిసి చదువువారికి అది డంబముగా కనిపించదు. మునిగిపోవువాడు పట్టుకొన్న దుంగగా కనిపించును.

అయినను అదే 1835వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన, అనగా ఆ దుఃఖము పచ్చిగా నున్న దినములలోనే, భారతదేశమందలి విద్యను గూర్చి అతడు తన ప్రసిద్ధమైన మినిట్ వ్రాసెను. తనకు సంస్కృతముగాని అరబ్బీగాని రాదని అందు అతడే ఒప్పుకొనెను. తర్జుమాలు చదివితినని, ఆ భాషలు తెలిసినవారితో మాటలాడితినని చెప్పెను. ఆ వెంటనే, మంచి ఐరోపా గ్రంథాలయములో ఒక్క అలమరు అరకు ఈ దేశపు వాఙ్మయమును అరబ్బు దేశపు వాఙ్మయమును కలిసినను సాటిరావని తీర్మానించెను. మార్చి 7వ తేదీన గవర్నరు జనరలు బెంటింకు ఆ పక్షముగానే ఉత్తరువు చేసెను. ఆ ఉత్తరువు ఫలితములు ఎంత దూరము పోయినవో ఈ సభలో చెప్పనక్కరలేదు.

డిసెంబరులో వ్రాసిన పట్టికను మరల ఒకమారు చూడుడు. గ్రీకులున్నారు, రోమనులున్నారు. పదమూడు నెలలు తాను గాలి పీల్చిన దేశముయొక్క పుస్తకము అందు ఒక్కటియు లేదు. నన్నయ తిక్కనలు కాలధర్మము చెంది వందలయేండ్లు గడచిన దేశమిది. మెకాలే దొర తెలుగు చదువలేదని నింద వేయుట న్యాయము కాకపోవచ్చును. పరిపాలనకై వచ్చినవాడు పదునెనిమిది భాషలు నేర్వలేడు. అయితే అదే కంపెనీ కొలువులో నున్న చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు వచ్చి, కచేరీపని చేయుచునే తెలుగు నేర్చి, సొంత సొమ్ముతో పండితులను పోషించి, తాళపత్ర గ్రంథములను వెదకి తెప్పించి ప్రతులు వ్రాయించి, మెకాలే మినిట్‌కు ఆరేండ్లు ముందుగానే, 1829లో, వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. 1852లో అతని తెలుగు ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. మెకాలేవలె బ్రౌను ఏటి చదువుకు పద్దు వ్రాసికొనెనో లేదో గాని, అతడు చదివిన చదువు తెలుగువారి ఇంట నిలిచియున్నది. కడపలో అతని పేర గ్రంథాలయమును భాషాపరిశోధన కేంద్రమును కలవు.

చదువరి వ్రాసికొను లెక్కలో గల మొదటి చిక్కు ఇదియే. చదివినది ఎంతయో అది చూపును. చదువక విడిచినది ఏదియో అది దానంతట అది చెప్పదు. చదువరియే అడిగి చూచుకొనవలెను.

ఇక రెండవ పద్దు. బీగిల్ అను ఓడలో 1831 మొదలు 1836 వరకు భూమిని చుట్టివచ్చిన చార్లెస్ డార్విను, 1838 నుండి 1860 వరకు, చదువవలసిన పుస్తకములకు ఒక పట్టికయు చదివిన పుస్తకములకు ఒక పట్టికయు నోటుపుస్తకములలో వ్రాసికొనెను. ఈ రెండు పట్టికలను జతగా ఉంచుకొనుటలో గల సుఖము అనుభవించినవారికే తెలియును. ఎవరో ఒకరు ఒక మంచి పుస్తకము పేరు చెప్పుదురు; వ్రాసికొననిచో గ్రంథాలయపు గడప దాటునప్పటికి అది మరపునకు వచ్చును. డార్విను చదివిన పుస్తకములలో కొన్నిటి ప్రక్కన ఒకటి రెండు మాటలు మాత్రమే చేర్చెను. ఇది పైపైన చూచినది, ఇందు సారము లేదు, ఇట్టివి. పెద్ద విమర్శలు లేవు. ఆ మాటలు ఇతరులకొరకు వ్రాసినవి కావు గనుక వానిలో మొగమాటము లేదు.

పుస్తకముల విషయమున డార్విను బహు నిర్దయుడు. బరువైన గ్రంథము చేతిలో పట్టుకొనుటకు వీలుగా లేనియెడల దానిని నడుమకు కోసి రెండు భాగములు చేసికొనెడివాడని అతని కుమారుడు వ్రాసెను. (ఈ గ్రంథాలయపు చందాదారులు ఈ యొక్క విషయమున అతనిని అనుసరింపకుందురు గాక!) ప్రతి పుస్తకము చివర తన పనికి వచ్చు సంగతులకు పుటల సంఖ్యలతో ఒక సూచిక వ్రాసికొనును. ముప్పది నలువది పెద్ద దస్త్రములలో విషయవారీగా కాగితములు చేర్చి పెట్టుకొనును. ఏదైన నొక విషయమును గూర్చి వ్రాయదలచినపుడు ఆ సూచికలన్నియు ముందేసికొని కూర్చుండును. చదివినది వ్యర్థము కాకుండుటకు అతడు కనిపెట్టిన ఉపాయమిది.

1838 శరత్కాలమున, కేవలము కాలక్షేపమునకని, మాల్తసు జనసంఖ్యను గూర్చి వ్రాసిన గ్రంథమును అతడు చదివెను. ప్రాణులు తిండికంటె వేగముగా పెరుగునని, అందువలన జీవనమునకై పెనుగులాట తప్పదని అందలి వాదము. అంతకు ముందునుండి మనసులో నలుగుచున్న ప్రశ్నకు అక్కడ దారి దొరికెను. జీవజాతుల పుట్టుకను గూర్చిన గ్రంథము 1859లో వెలువడెను. ఈ కథ చెప్పునపుడు అందరును మాల్తసునే పొగడుదురు. అసలు గమనింపదగినది ఆ కాలక్షేపము అను మాట. ఆ పుస్తకము అతని పనికి సంబంధించినదని ఎవరును అతనికి చెప్పలేదు. ఇట్టి పుస్తకములు ఇన్ని చదువవలెనని సంవత్సరారంభముననే బిగించి పట్టిక వేసికొన్నవానికి, దారితప్పి దొరకు పుస్తకమునకు చోటుండదు. బీరువా ముందు ఊరక నిలువబడి చేతికందినదానిని తీయుటయు చదువులో ఒక భాగమే.

వార్ధక్యమున, 1876లో, డార్విను తన జీవితమును గూర్చి వ్రాసికొనుచు, తాను చదివి సారము వ్రాసికొన్న పుస్తకముల పట్టిక చూచిన తన శ్రమకు తనకే ఆశ్చర్యము కలుగుచున్నదనెను. ఆ గ్రంథముననే ఒక పరితాపమును కూడ వెల్లడించెను. ముప్పదియేండ్ల వయసు వరకు, కొంత అటుపిమ్మట కూడ, అతనికి కవిత్వమనిన ప్రీతి. ఓడ దిగి ప్రయాణములు చేయునపుడు ఒక్క పుస్తకము మాత్రమే వెంట తీసికొనిపోవుటకు వీలున్నచో మిల్టను కావ్యమునే తీసికొనిపోయెడివాడు. అటువంటివాడు వార్ధక్యమున కవిత్వము ఒక్క పంక్తియు చదువజాలకపోయెను. షేక్స్పియరు విసుగు పుట్టించెను. మరల బ్రతుకగలిగినయెడల వారమునకు ఒక్కమారైనను కొంచెము కవిత్వము చదువుదును, కొంచెము సంగీతము విందును అని వ్రాసికొనెను. ఇరువదిరెండేండ్లు పట్టిక వ్రాసినవానికి ఈ నష్టము ఆ పట్టికలో కనిపింపకపోయెనా? కనిపించియే యుండును. ఏ వరుస సన్నగిల్లుచున్నదో, ఏ వరుస బలియుచున్నదో చూచుటకు అవకాశమున్నది. చూచి సవరించుకొనుటకు మాత్రము తీరికయో మనసో లేకపోయినది.

నవలలపై మాత్రము అతనికి ప్రీతి తగ్గలేదు. అవి అతడు చదువుటకంటె ఇంటివారు బిగ్గరగా చదువగా వినుట మిక్కుటము. విషాదముతో ముగియు నవలలను నిషేధించుచు చట్టము చేయవలెనని అతని కోరిక. ఈ కోరిక తెలుగు నవలలు చదువువారిలో పెక్కుమందికి సమ్మతమే యగును.

మూడవ పద్దు కారాగారములో వ్రాసినది. 1922 మార్చి 18వ తేదీన అహమ్మదాబాదులో విచారణ జరిగి గాంధీజీకి ఆరు సంవత్సరముల శిక్ష పడెను. కొలది దినములలో ఆయనను పూనా సమీపమందలి యెరవాడ జైలుకు చేర్చిరి. అప్పటికి ఆయన ఏబది దాటినవారు, దేహము సడలియున్నది. ఆరేండ్లు దొరికినవి గదా యని యువకునివలె ఉత్సాహముతో చదువునకు ప్రణాళిక వేసికొనిరి. దినమునకు సుమారు ఆరుగంటలు చదువు, నాలుగుగంటలు ఏకుట వడకుట. జైలు దినచర్యలో ఏ పుస్తకము ఎన్నడు మొదలిడినది, ఎన్నడు ముగించినది గురుతు వేసికొనిరి. విడుదలైన పిమ్మట 1924లో యంగ్ ఇండియా పత్రికలో జైలు అనుభవములు ప్రకటించుచు, చదివిన పుస్తకముల పట్టికను, వానిని గూర్చిన తమ ఆలోచనలను కూడ ప్రజలముందుంచిరి. రెండేండ్లు నిండని కాలములో చదివినవి సుమారు 150.

ఆ పట్టిక చూచిన ఎవరికైనను విస్మయము కలుగును. గిబ్బను రచించిన రోమకసామ్రాజ్య పతనచరిత్ర ఒకవైపు, గుజరాతీలో మహాభారతము మరియొకవైపు. మోట్లీ రచించిన డచ్చి రిపబ్లికు చరిత్ర, గేటే ఫౌస్టు, ప్లేటో సంవాదములు, విలియం జేమ్సు మతానుభవములపై చేసిన ఉపన్యాసములు, వెల్సు ప్రపంచచరిత్ర, అమీర్ అలీ ఇస్లామును గూర్చి వ్రాసిన గ్రంథము, ఉర్దూలో ప్రవక్త చరిత్ర, సిక్కుల చరిత్ర, ఉపనిషత్తులు, తిలకు మహాశయుని గీతారహస్యము, ఇంగ్లీషు బడిపిల్లల కథయైన టాం బ్రౌన్, కిప్లింగు, జూల్సువెర్ను. తనను చెరపట్టిన జాతివారి పుస్తకములను కూడ ద్వేషము లేక చదివిరి. తన మతగ్రంథముల ప్రక్కనే పరమతగ్రంథములను ఉంచుకొనిరి. ఒంటరికొట్టులో కూర్చుండి ఉర్దూ చదువ నేర్చిరి. భగవద్గీతలోని పదములకు కోశము కూర్చిరి. అది తరువాత అచ్చయినది.

చదివినవానిని ఒకదానితో నొకటి తూచుట గాంధీజీ పద్దులో గల విశేషము. భారతమును అంతకు పూర్వము ఆయన సాంతముగా చదివియుండలేదు. చదివిన తరువాత అది ఏరిపెట్టిన రత్నములపెట్టె కాదని, త్రవ్వినకొలది లభించు గని యని కనుగొనిరి. చరిత్రకారులు జరిగిన సంగతులను కుప్పవేయుదురు. భారతకారుడు మనుష్యుని లోపల ఎన్నటికిని జరుగుచుండు సంగతిని చెప్పెను. కావున గిబ్బను, మోట్లీ భారతమునకు తక్కువరకపు ప్రతులవంటివారని ఆయన తలచిరి. ఈ తీర్పును చరిత్ర పండితులు ఒప్పుకొనకపోవచ్చును. ఒప్పుకొననక్కరయు లేదు. గిబ్బనును భారతమును రెంటిని తుదముట్ట చదివినవాడు మాత్రమే చెప్పగల మాట యది. దాని విలువ అందున్నది.

1924 జనవరి 12వ తేదీ రాత్రి ఆయనకు పూనాలో అపెండిసైటిసునకు శస్త్రచికిత్స జరిగెను. ఫిబ్రవరి 5వ తేదీన ప్రభుత్వము విడుదల చేసెను. ఆరేండ్లకు వేసికొన్న చదువు ప్రణాళిక అక్కడ తెగిపోయెను. జవహర్‌లాలు నెహ్రూ కూడ చెరసాలలలో చదివిన పుస్తకములకు పట్టికలు వ్రాసికొనెడివారు. స్వాతంత్ర్యపోరాటమున పెక్కుమంది పెద్దలకు తీరికగా చదువు అబ్బినది జైలులోనే యనుట విచిత్రమైన నిజము.

ఈ పెద్దల పద్దులనుండి గ్రామ గ్రంథాలయపు పద్దునకు వచ్చినచో, అచ్చట మరియొక విధమైన లోటు కనిపించును. గ్రంథాలయపు ఇచ్చుబడి రిజిష్టరులో పుస్తకము తీసికొన్నవాని పేరును తేదీయును ఉండును. చదివినవాని పేరు ఉండదు. ఏడవతరగతి పిల్లవాని పేర పోయిన నవలను వాని తల్లి చదువును. ఆమె చదివిన తరువాత దొడ్డిగోడ మీదుగా పొరుగింటికి పోవును. అక్కడ కోడలు చదువును, అత్తగారికి మధ్యాహ్నము కథ చెప్పును. గడువుదినమున పిల్లవాడు తెచ్చి యిచ్చును. రిజిష్టరులో పడినది ఒక్క పద్దు, చదువరులు నలుగురు. పురుషుని పేర ఇంటికి పోయిన పుస్తకములలో స్త్రీలు చదివినవెన్నియో ఏ వార్షిక నివేదికయు చెప్పజాలదు.

వినికిడి చదువు కూడ అట్టిదే. అరుగుమీద ఒకరు భారతము చదివి అర్థము చెప్పుచుండగా పదిమంది విందురు. ఆ పదిమందిలో అక్షరము రానివారుందురు. పద్యము మాత్రము వారికి నోటికి వచ్చియుండును. పత్రిక చదివి వినిపించు ఆచారము గ్రంథాలయములతోపాటే పల్లెలలో పెరిగినది. 1914 ఏప్రిలులో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారు ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిపిన నాడును, 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి నుండి కాలువమీద పడవలో పుస్తకములు పంపిన నాడును, వారి కన్ను చదువవచ్చినవారిమీదనే యుండలేదు. ఇంటివారు చదువగా వినిన డార్విను నవలలను తన లెక్కలో చేర్చుకొనగా, అరుగుమీద విరాటపర్వము వినిన రైతు తన లెక్కలో దానిని ఏల చేర్చుకొనరాదు?

ఈ విషయము మర్యాదకొరకు చెప్పునది కాదు. సొమ్ముతో పని గలది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయు విధానము 1948 మద్రాసు గ్రంథాలయ చట్టమునను, 1960 ఆంధ్రప్రదేశ్ చట్టమునను ఏర్పడినది. చిన్న గ్రంథాలయమునకు చేరు ధనము ఎప్పుడును స్వల్పమే. ఆ స్వల్పధనముతో ఏ పుస్తకములు కొనవలెనని సంఘము కూర్చున్నపుడు, చేతిలో నుండు ఆధారము రిజిష్టరు ఒక్కటే. ఎక్కువమార్లు పోయిన పుస్తకము మంచిదని తలంతురు. అది సగములో విడిచిపెట్టి తిరిగి యిచ్చినదో, నలుగురు చేతులు మారి నలిగినదో రిజిష్టరు చెప్పదు. ప్రతి చదువరికి తన పుస్తకము లభింపవలెనని రంగనాథన్‌గారు 1931లో సూత్రము చేసిరి. ఆ చదువరి ఎవరో, అతనికి కావలసినది ఏదియో, అతడు వ్రాసియిచ్చినగాని సంఘమునకు తెలియుటెట్లు?

కావున ఈ రజతోత్సవ సంవత్సరమున చందాదారు లొక్కొక్కరు నలువది పుటల బడి నోటుపుస్తకము ఒకటి పెట్టుకొనవచ్చును. పుస్తకము పేరు, మొదలిడిన తేదీ, ముగించిన తేదీ ఒక వరుస. దాని క్రింద తమకు తోచినది ఒకటి రెండు వాక్యములు; పెద్దలు ఏమందురో యని వ్రాయక, డార్వినువలె మొగమాటము లేక. సగములో విడిచిన పుస్తకమునకు సిగ్గుపడి దాచనక్కరలేదు. ఏ పుటలో విడిచినది, ఏల విడిచినది వ్రాసినచో, రచయితకు కాకున్నను గ్రంథాలయాధికారికి అది పనికివచ్చును. వినిన పుస్తకమునకు, ఎవరు చదువగా వినినది గురుతు. చదువవలెనని తలచినవాని పేర్లకు చివర నాలుగు పుటలు. ఇంటిలో ఎందరు చదివిన అందరి పేర్లును, పిల్లవాని పేరు మాత్రమే కాక.

సంవత్సరమునకు ఇన్ని యను సంఖ్య వేసికొనవలెనా యని యువకులు అడుగుదురు. వేసికొనవచ్చును, పండ్రెండైనను చాలును. నెల పొడుగున ఒక భారతపర్వమే పట్టుకొని కూర్చున్నవాడు వెనుకబడినవాడు కాడు. ఉగాదికి సంఘము పుస్తకములు కొనుటకు కూర్చుండును. అంతకు పదిదినములు ముందుగా ఆ నోటుపుస్తకములు గ్రంథాలయపు బల్లమీదికి వచ్చినచో, చూపదలచినవారివి చదివి, పట్టిక వ్రాసికొనుటకు వీలగును. చూపుటకు ఇష్టము లేనివారు ఇంటనే ఉంచుకొనవచ్చును.